లీవి వీధి రీడింగ్ రూమూ, కమతం పేర్లూ, వలసపోయిన ఎస్టోనియన్లూ

పాత మైక్రోఫిల్మ్ డబ్బా మూత తీస్తే గుప్పున పుల్లటి వాసన కొడుతుంది. అసిటేట్ ఫిల్మ్ పాతబడేకొద్దీ అసిటిక్ ఆమ్లం వదులుతుంది, అదే ఆ వెనిగర్ వాసన. ఒక చుట్టకి పట్టుకుందంటే పక్క చుట్టలకీ పాకుతుంది. కాబట్టి వాసన వచ్చిన డబ్బాని మిగతావాటితో కలపకుండా చల్లటిచోట విడిగా పెట్టాలి. మొన్న అటక సర్దుతుంటే అలాంటిదొకటి చేతికి తగిలింది. ఇంకేముంది, ఎస్టోనియాలోని టార్టు ఊరూ, లీవి వీధి నాలుగో నంబరు భవనమూ, జనం తమ పూర్వీకుల్ని వెతుక్కునే అక్కడి పాత రీడింగ్ రూమూ వరసగా గుర్తొచ్చాయి.

ఎస్టోనియా చరిత్ర ఆర్కైవ్ అప్పట్లో అక్కడుండేది. 2017లో నోరుసె వీధిలో ‘నోరా’ అనే కొత్త భవనం తెరిచాక అంతా అక్కడికి మారింది. ఇప్పుడైతే చర్చి రిజిస్టర్లూ జనాభా జాబితాలూ ‘సాగా’ అనే ఆన్‌లైన్ భాండారంలో ఉన్నాయి. ఖాతా తెరిస్తే చాలు, పైసా ఖర్చులేకుండా గుంటూరులో కూర్చునైనా చూడొచ్చు. మంచిదే. కానీ ఆ గదిలో పని నేర్చుకున్నవాళ్ళ చెయ్యి తిరిగిన తీరే వేరు.

పొద్దున్నే కోటు కొక్కేనికి తగిలించి, పెన్నులు బయటే వదిలేసి, పెన్సిలు మాత్రం పట్టుకుని లోపలికెళ్ళడం. కావలసిన కట్టకి చీటీ రాయాలి. చీటీలో ముఖ్యమైనవి మూడే అంకెలు: ఫోండ్ (ఒకచోటి నుంచి వచ్చిన కాగితాల సముదాయం) నంబరు, అందులో జాబితా నంబరు, ఆ జాబితాలో కట్ట నంబరు. ఉత్తరాది జనాభా జాబితాలైతే ఫోండ్ 1864, దక్షిణాదివైతే 1865. రోజూ వచ్చేవాళ్ళకి ఇవి ఇంటి ఫోన్ నంబరులా నోటికొచ్చేసేవి. మైక్రోఫిల్మ్ యంత్రం దగ్గర సీటు దొరికితే అదృష్టమే. చక్రం తిప్పుతుంటే ఫిల్మ్ సరసరా పరిగెత్తేది. చివరికొచ్చాక తోక టపటపా కొట్టుకునేది. గదంతా నిశ్శబ్దంగా ఉంటే ఆ టపటప విని అందరూ ఒకసారి తలెత్తి చూసేవాళ్ళు. ‘అయిపోయిందా, దొరికిందా?’ అని.

1991లో ఎస్టోనియా మళ్ళీ స్వతంత్ర దేశమయ్యాక టొరంటో నుంచీ, స్టాక్‌హోం నుంచీ, సిడ్నీ నుంచీ మనుషులు రావడం మొదలైంది. చేతిలో ఒక ఫొటో, నోట్లో ఒక ఇంటిపేరు. ‘మాది టామ్ కుటుంబమండీ, ఇక్కడి టామ్‌లంతా మావాళ్ళే అయ్యుంటారు కదా?’

కారు. అసలు తంటా అంతా అక్కడే మొదలయ్యేది.

ఇంటిపేరు మొన్నటిది

ఇప్పటి ఎస్టోనియా పందొమ్మిదో శతాబ్దంలో రష్యా జార్ కింద రెండు ముక్కలుగా ఉండేది. ఉత్తరాన ఎస్ట్‌లాండ్. దక్షిణమూ, సారెమా దీవీ కలిపి లివ్‌లాండ్‌లో భాగం. ఏలిక రష్యాది, పెత్తనం జర్మన్ జమీందార్లది, చాకిరీ ఎస్టోనియా రైతుది. రైతు ఎస్టేటుకి కట్టుబడిన మనిషి, దొర అనుమతి లేకుండా ఊరు దాటలేడు. ఎస్ట్‌లాండ్‌లో 1816లో, లివ్‌లాండ్‌లో 1819లో ఆ కట్టు తీసేశారు. అప్పుడుగానీ రైతులందరికీ ఇంటిపేర్లు పెట్టాలన్న పని మొదలవలేదు. లివ్‌లాండ్‌లో ఆ పని 1820లలో జరిగింది, ఎస్ట్‌లాండ్‌లో 1835 ప్రాంతంలో. ఆగ్నేయ మూలన ఆర్థడాక్స్ మతంలో ఉన్న సెటో జనానికైతే 1921 దాకా ఇంటిపేర్లే లేవు.

పేర్లు పెట్టింది ఎస్టేటు వారీగా. ఒక్కో ఎస్టేటులో దొరో, అతని గుమాస్తానో, పాదిరీగారో కూర్చుని, రైతులనూ అడిగి, ఒక్కో కుటుంబానికి ఒక్కో పేరు రాసుకున్నారు. జమీందార్ల ఇంటిపేర్లు పెట్టుకోకూడదు. అందుకని చెట్టుపుట్టల పేర్లే ఎక్కువ. ఓక్ చెట్టు టామ్, బర్చ్ చెట్టు కస్క్, కొండ మాగి, కమ్మరి సెప్. దేశంలో ఏ ఎస్టేటుకెళ్ళినా ఒక టామ్ కుటుంబం తగులుతుంది. వాళ్ళకీ వీళ్ళకీ చుట్టరికం ఏమీ ఉండదు.

దీనికి తిరకాసు ఇంకోటుంది. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు ఆనాటికి మూడు ఎస్టేటుల్లో ఉంటే మూడు ఇంటిపేర్లు పడతాయి. ఒకడు తండ్రి కమతంలోనే ఉన్నాడు. ఒకడు పక్క ఎస్టేటులో ఇల్లరికం వెళ్ళాడు. ఇంకొకడు మరోచోట పాలేరు. ముగ్గురి సంతానానికీ ఆ తర్వాత ఒకరినొకరు గుర్తుపట్టే దారి ఇంటిపేరులో ఉండదు. కాబట్టి 1835కి వెనక్కి పోవాలనుకునేవాడు ఇంటిపేరుని పక్కనపెట్టి కమతం పేరు పట్టుకోవాలి. దేశం దాటిన కుటుంబాల విషయంలో మరీను.

ఇంటిపేర్లకి ముందు రైతుకి గుర్తు మూడు ముక్కలే: ఉంటున్న కమతం పేరు, తండ్రి పేరు, తన పేరు. సారె కమతంలో యూరి కొడుకు మార్ట్. ఈ మార్ట్ రేపు తోమా కమతానికి వెళ్ళి సేద్యం చేస్తే తోమా మార్ట్ అయిపోతాడు. మనిషి కదిలితే పేరు మారుతుంది, కమతం మాత్రం కదలదు. కొన్ని కమతాల పేర్లు పదిహేడో శతాబ్దపు పన్ను పుస్తకాల్లో ఎలా ఉన్నాయో నేటి మ్యాపులోనూ అలాగే ఉన్నాయి.

ఒక పేజీ దగ్గరగా

జార్ ప్రభుత్వం తలపన్ను కోసం ఎప్పటికప్పుడు జనాన్ని లెక్క రాయించేది. వాటినే ‘హింగెలోయెండ్’ అంటారు. ఎస్టోనియా పనికి బాగా ఉపయోగపడేవి 1782, 1795, 1811, 1816, 1834, 1850, 1858 జాబితాలు. 1811 నాటి దాంట్లో మగవాళ్ళు మాత్రమే ఉంటారు, ఆడవాళ్ళని రాయలేదు. ఆ ఏడాది అమ్మమ్మ కనబడలేదని కంగారుపడిన కొత్తవాళ్ళని ఎంతమందిని సముదాయించేవాళ్ళో ఆ గదిలో.

1834 జాబితా తీసుకోండి. ఎడమ పేజీ మగవాళ్ళది, కుడి పేజీ ఆడవాళ్ళది. ఎడమ పక్కన ముందు కమతం నంబరు, పేరు. తర్వాత యజమాని, అతని కొడుకులు, తమ్ముళ్ళు, పాలేర్లు వరసగా. ఒక్కొక్కరికీ రెండు వయసులు రాస్తారు: 1816 లెక్క నాటిదొకటి, ఇప్పటిదొకటి. మధ్యలో సన్నటి గడి ఒకటుంటుంది. అసలు బంగారం ఆ గడిలోనే. ‘1823లో మరణం’, ‘1827లో సైన్యానికి’, ‘1830లో ఫలానా ఎస్టేటుకి’ అని అందులో రాస్తారు. సైన్యానికి అని ఉంటే ఆ శాఖ దాదాపు అక్కడితో ఆగిపోయినట్టే. ఆ రోజుల్లో సిపాయి కొలువు పాతికేళ్ళు. ఫలానా ఎస్టేటుకి అని ఉంటే వెంటనే ఆ ఎస్టేటు జాబితా తెరవాలి. అందులో ‘ఫలానా చోటు నుంచి వచ్చాడు’ అని జవాబు గడి కనబడితే ముడి పడినట్టు. కుడి పేజీలో ఆడవాళ్ళకి ఒక్క వయసే ఉంటుంది. పుట్టింటి కమతం పేరు ఉండదు. అది చర్చి పుస్తకంలో వెతుక్కోవాలి.

1816 నాటి వయసుకి పద్దెనిమిది కలిపితే 1834 వయసు రావాలి. రాకపోతే గుమాస్తా ఊహించి రాశాడని అర్థం. 40, 45, 50 అని గుండు అంకెలే వరసగా కనబడితే ఇక ఆ పేజీలో వయసుల్ని నమ్మొద్దు. ఇంకో చిక్కేమిటంటే, ఎస్ట్‌లాండ్‌లో 1834 నాటికి చాలాచోట్ల ఇంటిపేర్లు లేవు. అవి 1850 జాబితాలో కనబడతాయి. అందుకని 1850 దాంట్లో ఇంటిపేరుతో దొరికిన కుటుంబాన్ని అదే కమతం నంబరు మీద 1834లో వెతకాలి. లివ్‌లాండ్‌కైతే 1826 నాటి జాబితా వంతెనలా పనిచేస్తుంది. అందులో పాత కమతం పేరూ కొత్త ఇంటిపేరూ పక్కపక్కనే ఉంటాయి.

పాదిరీగారి టిక్కులు

జనాభా జాబితా ఎస్టేటు లెక్క. చర్చి లెక్క వేరు. ఒక చర్చి కింద ఉండే ప్రాంతం కిహెల్కోండ్, అందులో పది పదిహేను ఎస్టేటులుండొచ్చు. మనిషి ఏ ఎస్టేటు, ఏ కిహెల్కోండ్ అన్న రెండూ తెలిస్తేనే పని జరుగుతుంది. పుట్టుక, పెళ్ళి, చావుల రిజిస్టర్లు ‘మేట్రికా’. ఇవి కాక లూథరన్ పాదిరీలు ‘పెర్సొనాల్‌రామత్’ అని ఇంకో పుస్తకం పెట్టేవాళ్ళు. ఎస్టేటు, కమతం వారీగా ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. భార్యాభర్తలు, పిల్లలు, పుట్టిన తేదీ, ఊరు, కన్ఫర్మేషన్ అయిన ఏడాది, పెళ్ళి, చావు. కుడి పక్కన ఏడాదికొక గడి చొప్పున ప్రభురాత్రి భోజనానికి వచ్చిన తేదీలో, టిక్కులో ఉంటాయి. మన గుంటూరు లూథరన్ ఇళ్ళవాళ్ళకి ఈ మాటలేవీ కొత్త కాదు.

ఆ టిక్కులు చూస్తే మనిషి కదలికలు తెలుస్తాయి. ఏటా క్రమం తప్పకుండా వచ్చేవాడి గడులు ఉన్నట్టుండి ఖాళీ అయ్యాయంటే చనిపోయాడో, ఊరొదిలాడో, మతం మారాడో అయ్యుండాలి. మతం మార్పు చిన్న సంగతి కాదు. 1845-48 మధ్య లివ్‌లాండ్‌లో వేలమంది ఎస్టోనియా రైతులు ఆర్థడాక్స్‌లో చేరారు. జార్ మతం పుచ్చుకుంటే భూమి వస్తుందన్న పుకారే కారణం. భూమి రాలేదు. వాళ్ళ రికార్డులు మాత్రం లూథరన్ పుస్తకంలోంచి లేచిపోయి, రష్యన్ భాషలో, వేరే చర్చిలో కొనసాగాయి. లూథరన్ పుస్తకంలో 1846 ప్రాంతంలో మాయమైన కుటుంబాన్ని ముందు ఆర్థడాక్స్ మేట్రికాలో చూడాలి. చనిపోయారని రాసేసి వంశవృక్షానికి ఆ కొమ్మని నరికేసినవాళ్ళున్నారు.

చదవడం ఇంకో యజ్ఞం. దాదాపు 1891 దాకా రాత జర్మన్‌లో, కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో. అందులో e అక్షరం n లాగే ఉంటుంది. u పైన చిన్న కొక్కెం వేస్తారు, n నుంచి విడదీసేది ఆ కొక్కెమే. తర్వాత రష్యన్ తప్పనిసరి చేశారు. 1920లలో ఎస్టోనియన్ వచ్చింది. ఒకే చర్చిలో మూడు తరాలకి మూడు భాషలన్నమాట. పేర్లు కూడా వేషం మారుస్తాయి. ఇంట్లో మిహ్కెల్, పుస్తకంలో మిఖాయెల్. ఇంట్లో యూరి, పుస్తకంలో గెయోర్గ్. కుర్రెంట్ నేర్చుకోవడానికి అక్కడి పెద్దవాళ్ళు చెప్పే ఉపాయం ఒక్కటే: చూస్తూ కూర్చోకు, పెన్సిలు తీసి నువ్వే రాయి. నిజంగానే, చెయ్యి తిరిగాక కన్ను దానంతటదే చదివేది.

తేదీల సంగతీ చెప్పాలి. 1918 దాకా జూలియన్ కేలండర్. పందొమ్మిదో శతాబ్దపు తేదీకి పన్నెండు రోజులు, ఇరవయ్యో శతాబ్దపు తేదీకి పదమూడు కలిపితే నేటి తేదీ వస్తుంది. తాతగారి చర్చి తేదీకీ పాస్‌పోర్టు తేదీకీ పన్నెండు రోజుల తేడా ఉంటే ఇద్దరు మనుషులని కొట్టుకోనక్కర్లేదు.

వరసలు రాసుకునే పద్ధతి నోటుపుస్తకాల కాలం నుంచీ ఒక్కటే. మొదలెట్టిన మనిషి 1, తండ్రి 2, తల్లి 3. ఎవరి అంకెని రెట్టిస్తే వాళ్ళ తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. 12వ నంబరు మనిషి తండ్రి 24, తల్లి 25. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకుండా వందలమందిని ఆ గళ్ళ నోటుపుస్తకాల్లో నడిపారు.

1710-11 ప్లేగుకి ముందుకాలానికి పోవడం చాలామందికి కుదరదు. యుద్ధమూ తెగులూ కలిసి జనంలో ఎక్కువమందిని తుడిచేశాయి. ఖాళీ కమతాల్లోకి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. కమతం పేరు అదే, మనుషులు వేరు. లివ్‌లాండ్ 1638 లెక్కలో అదే కమతం కనబడగానే ‘మా పూర్వీకుడు’ అని గంతులేసేవాళ్ళకి ఆ గదిలో చన్నీళ్ళు చల్లడం మామూలే.

ఊరొదిలినవాళ్ళు

1863 పాస్‌పోర్టు చట్టంతో రైతు ఊరు దాటడం తేలికైంది. 1866 చట్టంతో ‘వల్ద్’ అనే గ్రామ సముదాయం దొరల చేతుల్లోంచి బయటపడింది. ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతొకటి. మనిషి పీటర్స్‌బర్గ్ వెళ్ళినా, క్రిమియా వెళ్ళినా, కాగితాల్లో సొంత వల్ద్ సభ్యుడే. పాస్‌పోర్టు ఇచ్చేది వల్ద్, సైన్యం జాబితాలో పేరెక్కించేదీ వల్దే. కాబట్టి ఊళ్ళో లేనివాడి జాడ ఊరి కాగితాల్లోనే ఎక్కువ. వల్ద్ సభ్యుల జాబితా, పాస్‌పోర్టు పుస్తకం, ఈ రెండూ చూడకుండా రష్యా ఆర్కైవ్‌లకి ఉత్తరాలు రాయడం వృథా.

తొలి పెద్ద కదలిక 1861లో. మాల్ట్స్‌వెట్ అనే ప్రవక్త (అసలు పేరు యుహాన్ లైన్‌బెర్గ్) అనుచరులు టాలిన్ శివార్లలో లస్నమాగి గుట్ట మీద చేరి, తమని తీసుకుపోవడానికి తెల్ల ఓడ వస్తుందని కాచుకు కూర్చున్నారు. ఓడ రాలేదు. చాలామంది గుర్రబ్బళ్ళు కట్టుకుని, క్రిమియా యుద్ధం తర్వాత తాతార్లు ఖాళీచేసిన గ్రామాలకి నెలల తరబడి ప్రయాణం చేసి వెళ్ళారు. 1880లలో నల్లసముద్రం ఒడ్డున అబ్ఖాజియాలో సల్మె, సులెవి, లిండా, ఎస్టోంకా అన్న ఊళ్ళు వెలిశాయి. సైబీరియాకి ముందు పోయినవాళ్ళు శిక్షపడినవాళ్ళు, తర్వాత భూమికోసం వెళ్ళినవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి రష్యా సామ్రాజ్యంలో ఎస్టోనియా బయట ఉన్న ఎస్టోనియన్లు రెండు లక్షలదాకా ఉంటారు.

క్రిమియా లూథరన్లు పీటర్స్‌బర్గ్ కన్సిస్టరీ (చర్చిల పైన ఉండే పాలనా కార్యాలయం) కిందివాళ్ళు. అక్కడి చర్చిలు ఏటా రిజిస్టర్ల నకలు కన్సిస్టరీకి పంపేవి. 1833 నుంచి 1885 దాకా ఆ నకళ్ళు పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాయి. ఊరి చర్చి పుస్తకం కాలిపోయినా నకలు దొరకొచ్చు. సైబీరియా మాత్రం మాస్కో కన్సిస్టరీ కిందిది. ఈ తేడా తెలియక తప్పు తలుపు తట్టినవాళ్ళు బోలెడు.

అమెరికా, కెనడా వెళ్ళినవాళ్ళ దారి ఇంకోలా ఉంటుంది. దక్షిణ డకోటాలో ఫోర్ట్ పియర్ దగ్గరా, అల్బర్టాలో స్టెట్లర్ దగ్గరా పందొమ్మిదో శతాబ్దం చివర్లోనూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామంది నేరుగా కాదు, క్రిమియా మీదుగానో మరో రష్యా పల్లె మీదుగానో వెళ్ళారు. ఓడ జాబితాలో వాళ్ళు ఒకచోట రష్యన్, ఇంకోచోట ఫిన్నిష్. ఎస్టోనియన్ అని రాయించుకున్నవాడు అరుదు.

తిరిగొచ్చినవాళ్ళ కాగితాలంటే నాకు మహా ఇష్టం. 1920 టార్టు శాంతి ఒప్పందం ప్రకారం సోవియట్ రష్యాలో ఉన్న ఎస్టోనియన్లు ఎస్టోనియా పౌరసత్వం కోరుకోవచ్చు. దాదాపు ముప్పై ఎనిమిది వేలమంది తిరిగొచ్చారు. ఆ దరఖాస్తుల్లో ఫొటో, పుట్టిన ఊరు, ఏ వల్ద్‌కి చెందినవాళ్ళో, కుటుంబంలో ఎవరెవరో, అన్నీ ఉంటాయి. సైబీరియాలో పుట్టిన మనిషి కూడా తాత నాటి వల్ద్ పేరు చెప్పాల్సిందే, లేకపోతే హక్కు రుజువు కాదు. వెతికేవాడికి అంతకన్నా ఏం కావాలి?

మారిన పేర్లూ, ఊడిన చుక్కలూ

1930ల మధ్యలో జర్మన్ వాసన కొట్టే ఇంటిపేర్లని ఎస్టోనియన్‌లోకి మార్చుకోవాలని ఉద్యమం నడిచింది. రెండు లక్షల ప్రాంతంలో జనం మార్చుకున్నారు. అన్న ఒక పేరు, తమ్ముడు ఇంకో పేరు ఎంచుకున్న ఇళ్ళున్నాయి. పెర్సొనాల్‌రామత్‌లో పాత పేరు పక్కన వేరే సిరాతో కొత్త పేరూ, నిర్ణయం నంబరూ, తేదీ రాసి ఉంటాయి. 1926 నుంచి పౌర రిజిస్టర్లు కూడా మొదలయ్యాయి కనుక ఈ కాలానికి అక్కడా చూడాలి.

తర్వాత వచ్చినవి చెడ్డరోజులు. 1941 జూన్ 14న పదివేలమందిని, 1949 మార్చిలో ఇరవై వేలమందికి పైగా సైబీరియా పట్టుకెళ్ళారు. కుటుంబానికో ఫైలు ఉంటుంది. పేర్లు, పుట్టిన ఏళ్ళు, పంపిన చోటు, వదిలిన తేదీ అందులో ఉంటాయి. 1941లో మగవాళ్ళని వేరుచేసి క్యాంపులకి పంపారు, ఆడవాళ్ళూ పిల్లలూ వేరే జిల్లాలకి. కాబట్టి తండ్రి ఎక్కడ పోయాడో పిల్లల ఫైలులో ఉండకపోవచ్చు, అతనికి విడిగా ఇంకో ఫైలుంటుంది.

1944 శరదృతువులో ఎర్రసైన్యం మళ్ళీ వస్తోందని డెబ్భైవేలకి పైగా జనం పారిపోయారు. కొందరు పడవల్లో స్వీడన్‌కి, ఎక్కువమంది జర్మనీకి. జర్మనీలో గైస్‌లింగెన్ క్యాంపు ఎస్టోనియన్లకి పెద్దది. స్వీడన్‌లోనూ భయం తగ్గక మళ్ళీ సముద్రం దాటినవాళ్ళున్నారు. ‘ఎర్మా’ అనే చిన్న తెరచాప పడవలో పదహారుమంది 1945 డిసెంబరులో అమెరికా చేరారు. ‘వాల్‌నట్’ ఓడ 1948 డిసెంబరులో 347 మందిని కెనడాలో హాలిఫాక్స్ రేవులో దింపింది.

క్యాంపుల్లో అంతర్జాతీయ శరణార్థి సంస్థకి పెట్టుకున్న దరఖాస్తు ‘సి ఎమ్ వన్’ ఫారం. గడిచిన పదేళ్ళకి పైగా ఎక్కడుండేవాళ్ళో, ఏం పనిచేసేవాళ్ళో అందులో రాయాలి. ఇవి జర్మనీలో ఆరోల్సెన్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు. రష్యాలో పుట్టినవాళ్ళు కొందరు వెనక్కి పంపేస్తారన్న భయంతో పుట్టిన ఊరు ఎస్టోనియాలోనిదే రాయించారు. ఫారంలోని ఊరి చర్చిలో పుట్టుక దొరకకపోతే తల్లిదండ్రుల వల్ద్ కాగితాలు తీయాలి.

ఇక ఆన్‌లైన్‌లో పేరు వెతికే పెట్టెలో ఒక్క అక్షరక్రమంతో సరిపెట్టుకోకూడదు. విదేశీ టైపుమిషన్ల మీద చుక్కలన్నీ ఊడిపోయాయి. మాగిలో ఏ పైన రెండు చుక్కలు పోయాయి, యొగిలో ఓ పైన వంకర గీత పోయింది. ఆ యొగి అమెరికాలో ‘జోగి’ అయ్యి, మనవాడేమో అనిపిస్తాడు. పాత ఎస్టోనియన్ రాతలో వి బదులు డబ్ల్యూ ఉండేది, హల్లులు రెట్టించేవాళ్ళు. ఒక్కో పేరుకి చుక్కలతో, చుక్కలు లేకుండా, డబ్ల్యూతో, రెట్టింపు హల్లుతో నాలుగైదు రకాలు ముందే కాగితం మీద రాసి పెట్టుకుని, దేనికి ఏం దొరికిందో పక్కనే టిక్కు పెట్టుకుంటూ పోవాలి.